నూటికి నూరు రావాలంటే

1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశంలో దశాంశ నాణేలు అమలులోకి వచ్చాయి. అంతవరకు రూపాయికి పదహారు అణాలు. ఆనాటి నుంచి నూరు నయాపైసలు. కొంతకాలం పాత నాణేలూ కొత్త నాణేలూ కలిసే చెల్లుబాటయ్యాయి. నూరును పదహారుతో భాగిస్తే అణాకు ఆరుంపావు నయాపైసలు వస్తాయి. కాని పావు నయాపైస నాణెం లేదు. కనుక అర నయాపైసను, అంతకు తక్కువైన దానిని వదిలివేయాలనీ, అరకు మించితే ఒకటిగా లెక్కించాలనీ నిర్ణయించారు. ఆ ప్రకారం అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలు.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. అభ్రకపు గనులకు పేరొందిన గూడూరులో ఆనాటి వర్తకుడొకరు అణా ఖరీదు గల వస్తువులు నాలుగింటిని నలుగురికి అమ్మాడనుకొందాం. అతనికి ముట్టేది 24 నయాపైసలు. నాలుగూ ఒకరికే అమ్మితే 25. అవే మూడణాల వస్తువులైతే విడివిడిగా 76, కలిపి 75. మొదటి బేరంలో నష్టం వర్తకునిది, రెండవ దానిలో కొనేవారిది. ఎవరూ మోసం చేయలేదు. కూడికలోనూ తప్పు లేదు. ముందు సవరించి తర్వాత కూడటం వేరు, ముందు కూడి తర్వాత సవరించటం వేరు. నాణేల విషయంలో ఉపాయం సులభమే: మొత్తాన్ని అణాలలోనే కూడి చివర ఒక్కసారి మార్చాలి.

శాతాలకు ఈ ఉపాయం చాలదు. అక్కడ భాగాలనే విడివిడిగా చూపాలి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం రెండు రాష్ట్రాల జనాభా నిష్పత్తిని 58.32 : 41.68 అని పేర్కొన్నది. వీటిని పూర్ణాంకాలుగా సవరిస్తే 58, 42; మొత్తం నూరే. భాగాలు రెండే అయినపుడు, సరిగ్గా అర వస్తే తప్ప, ఒకదానిలో తగ్గినది మరొకదానిలో చేరుతుంది. మూడవ భాగస్థుడు రాగానే తగవు మొదలవుతుంది. 23 బస్తాల నిమ్మకాయలలో ముగ్గురు రైతులవి 10, 7, 6 బస్తాలనుకోండి. వారి వాటాలు నూటికి 43.48, 30.43, 26.09. సవరిస్తే 43, 30, 26. కూడితే 99! మిగిలిన ఒకటి ఎవరిది?

ఈ ప్రశ్న అమెరికాలో 1792లోనే పుట్టింది. రాష్ట్రాలకు జనాభాను బట్టి ప్రతినిధుల స్థానాలు పంచాలి; మనిషిని ముక్కలు చేయలేము గదా! మొదట ప్రతివారికీ పూర్ణాంకమే ఇచ్చి, మిగిలిన స్థానాలను పెద్ద భిన్నాలు గలవారికి వరుసగా ఇవ్వాలన్నాడు అలెగ్జాండర్ హామిల్టన్. మన ఉదాహరణలో పెద్ద భిన్నం 0.48, కనుక వాటాలు 44, 30, 26 అవుతాయి. కాని ఆ పద్ధతి ననుసరించిన బిల్లును అధ్యక్షుడు వాషింగ్టన్ తిరస్కరించాడు. అమెరికా అధ్యక్షులు బిల్లును తిరస్కరించటం అదే మొదటిసారి.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో ఆ దేశం మళ్లీ హామిల్టన్ పద్ధతినే చేపట్టింది. 1880 జనాభా లెక్కలతో ఒక వింత బయటపడింది. మొత్తం స్థానాలు 299 అయితే అలబామా రాష్ట్రానికి 8. మొత్తాన్ని 300 చేస్తే 7! స్థానాలు పెరిగితే వాటా తరిగింది. ఇటువంటి విపరీతాలన్నిటినీ తప్పిస్తూ, ప్రతి వాటానూ దాని భిన్నానికి కిందనో పైననో ఉన్న పూర్ణాంకం వద్దనే నిలిపే పద్ధతి లేదని బాలిన్‌స్కీ, యంగ్ అనే గణితజ్ఞులు 1982లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు.

నేడు ఈ పని కంప్యూటర్లు చేస్తున్నాయి. కాని నియమం చెప్పవలసింది మనిషే. చెప్పకపోతే యంత్రం 99 చూపి ఊరుకుంటుంది. లెక్క కుదరటానికి మిగిలిన ఒకటిని చివరి వరుసలో గుట్టుగా చేర్చటం కూడదు. ఆ ఒకటి ఒక రైతు సొమ్ము కావచ్చు, ఒక ప్రజాప్రతినిధి స్థానమూ కావచ్చు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క ఇచ్చి చూడవచ్చు: ఏడు బస్తాలు, ముగ్గురి వాటాలు 3, 2, 2. హామిల్టన్ పద్ధతిలో రెండు శాతాలు మిగులుతాయి. ఒకటి మొదటివారికి పోతుంది. రెండవదానికి ఇద్దరి భిన్నాలూ సమానమే. దానిని ఎవరికివ్వాలో విద్యార్థులే చర్చించి నిర్ణయించాలి. కాని ఆ నిర్ణయం ఎవరి బస్తాలు ఎన్నో తెలియకముందే జరగాలి.