ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగులో సున్నా గణనలు

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగులో ఒక జన్యువుకు చెందిన ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒక్కటీ లెక్కకు రాకపోతే, ఆ నమూనాలో ఆ జన్యువు గణన సున్నా అవుతుంది.

కారణాలు

జన్యువు ఆ కణాలలో నిజంగా పనిచేయకపోవడం ఒకటి. పనిచేస్తున్నా, చదివిన ముక్కల సంఖ్య చాలక నమూనాకు చిక్కకపోవడం రెండవది. ఒక్క గణననే చూసి ఈ రెంటినీ వేరుచేయలేము.

విశ్లేషణ

సున్నాకు సంవర్గమానం లేదు. కనుక కొందరు అన్ని గణనలకు ఒక చిన్న సంఖ్య కలుపుతారు. అయితే ఫలితం ఆ సంఖ్యను బట్టి మారుతుంది: 0, 3 గణనలకు 1 కలిపితే తేడా 4 రెట్లు, 0.5 కలిపితే 7 రెట్లు. అందువలన డీఈసెక్2 వంటి సాఫ్టువేర్లు ముడి గణనలనే తీసుకొని ఋణ ద్విపద విభాజనంతో విశ్లేషిస్తాయి. అందులో సున్నా కూడా సహజమైన విలువే.

అన్ని నమూనాలలోను సున్నా వచ్చిన జన్యువులను తొలగించవచ్చు. ఒక వర్గంలో మాత్రమే సున్నా వస్తే తొలగించరాదు. వెదకుతున్న తేడా అదే కావచ్చు.