ప్రావస్థ మార్పు పదార్థాల్లో ఉష్ణవాహకత్వం పెంపుదల: చరిత్ర

పదార్థం కరిగేటప్పుడు ఉష్ణోగ్రత దాదాపు మారకుండానే పుచ్చుకొని, తిరిగి గడ్డకట్టేటప్పుడు విడిచిపెట్టే వేడిని గుప్తోష్ణం అంటారు. ఆ వేడిని నిల్వచేయడానికి ఎంచుకున్న మంచు, మైనం, లవణ హైడ్రేట్లు, కొవ్వు ఆమ్లాల వంటివి ప్రావస్థ మార్పు పదార్థాలు. వీటిలో చాలావాటి ప్రధాన లోపం, వేడిని మందకొడిగా ప్రసరింపజేయడం. కిలోకు సుమారు 200 కిలోజౌళ్ల గుప్తోష్ణం ఇముడ్చుకొనే పారాఫిన్ మైనం ఉష్ణవాహకత్వం మీటరు-కెల్విన్‌కు 0.2 వాట్ల దగ్గరే ఆగిపోగా, అల్యూమినియానిది 200 వాట్లకు పైమాటే. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఇప్పగింజల నుంచి తీసే నూనె చలికి పేరుకుంటుంది. ఆ డబ్బాను పొయ్యి దగ్గర పెడితే అంచులు ముందుగా కరిగి, నడిమి ముద్ద చాలాసేపు అలాగే ఉండిపోవడానికి కారణం ఈ లోపమే.

గుప్తోష్ణాన్ని 1760ల తొలినాళ్లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. ధ్రువ సముద్రాల్లో మంచు పెరిగే తీరును 19వ శతాబ్ది చివర విశ్లేషించిన యోసెఫ్ స్టెఫాన్, పొర మందం కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుందని చూపాడు; అంటే మందం రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. ఈ రంగంలో తరువాత వచ్చిన ఉపాయాలకు చాలావరకు మూలం ఈ సూత్రంలోనే ఉంది.

1948లో అమెరికాలోని డోవర్‌లో మరియా టెల్కెస్ గ్లాబర్ లవణమనే లవణ హైడ్రేటుతో వెచ్చబరచిన ఇల్లు, లవణం పొరలుగా విడిపోవడం వల్ల కొన్ని శీతాకాలాలకే విఫలమైంది. అంతరిక్ష యాత్రల కాలంలో మైనం ముందుకొచ్చింది: 1971లో అపోలో 15 చంద్రవాహనం ఎలక్ట్రానిక్ పరికరాల వేడిని మైనపు పెట్టెల్లో దాచింది. మైనంలో లోహపు రెక్కలు, తేనెపట్టు వంటి అల్యూమినియం గళ్లు అమర్చి వేడికి దారి వేయడం ఆ దశాబ్దంలో స్థిరపడింది. కరిగేటప్పుడు ద్రవంలో పుట్టే సంవహన ప్రవాహాలు కొంత సాయపడతాయి కానీ, గడ్డకట్టేటప్పుడు వేడిని తీసుకెళ్లే గొట్టానికి అంటుకొనే ఘనపు పొర వేడిని అడ్డుకుంటుంది. 1999లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. వేల్‌రాజ్ బృందం రెక్కలనూ లోహపు వలయాలనూ పరీక్షించింది ఈ చిక్కును విడదీయడానికే. 2001లో ఫ్రాన్సులో పి, ఒలివ్స్, మొరాన్ రంధ్రాల గ్రాఫైటులో పారాఫిన్‌ను నింపి వాహకత్వాన్ని పదుల రెట్లు పెంచారు. 2007లో ఖొదాదాదీ, హొసైనిజాదే సూచించిన నానోకణాల మిశ్రమాలు విస్తారమైన పరిశోధనకు దారితీసినా, కణాలు అడుగుకు దిగడం, స్నిగ్ధత పెరిగి సంవహనం తగ్గడం వాటిని వెనక్కి లాగాయి. ఏది కలిపినా మైనానికి మిగిలే చోటు ఆ మేరకు తగ్గుతుంది కనుక, ఆ నష్టానికి తగినంతగా వాహకత్వాన్ని పెంచే గ్రాఫైటు మార్గమే కణాల కన్నా ఎక్కువ నమ్మదగినదని చెప్పవచ్చు.

తెలుగు నాట 2012లో ఆర్. మీనాక్షిరెడ్డి, ఎన్. నల్లుసామి, కె. హేమచంద్రారెడ్డి ప్రచురించిన సౌర నీటి తాపన ప్రయోగాల్లో పారాఫిన్‌ను గోళాకార గుళికల్లో నింపి నీటి తొట్టిలో అమర్చారు. చిన్న గుళికలో వేడి నడవాల్సిన దూరం సహజంగానే తగ్గుతుంది.

భద్రాచలం ఏజెన్సీ పల్లెలకు టీకాలు చేర్చే శీతల గొలుసులోనూ వేడి నడిచే దూరాన్ని తగ్గించే ఇదే సూత్రం ఉంది. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరు లోపలి గోడల వెంట పలుచని నీటి పొర ఉంటుంది. మంచు ఉష్ణవాహకత్వం నీటిదానికి సుమారు నాలుగు రెట్లు కనుక, కరెంటు ఉన్న గంటల్లో ఆ పొర త్వరగా గడ్డకట్టి, కరెంటు పోయినప్పుడు నెమ్మదిగా కరుగుతూ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడుతుంది.