బిగుసుకున్న డిక్కీ తాళం

చెవి దూరకపోయినా, తిరగకపోయినా లోపం సిలిండర్‌లో ఉంటుంది. చెవి తిరిగినా మూత లేవకపోతే లాచ్‌నో, రెంటినీ కలిపే కడ్డీనో చూడాలి. సిలిండర్‌లో సన్నని స్ప్రింగుల మీద ఆడే పలుచని ఇత్తడి రేకులుంటాయి. వరంగల్ ఎండాకాలపు దుమ్ము, జూన్‌లో మొదలయ్యే వానల తడి, పాత గ్రీజు కలిసి జిగురై వాటిని పట్టేస్తాయి. డిక్కీని బయటి నుంచి చెవితోనే తెరిచే పాత అంబాసిడర్లలో ఈ తిప్పలు మామూలే.

బలం పెడితే చెవి విరుగుతుంది. ముందు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి, కాసేపు నాననిచ్చి, చెవిని మెల్లగా ఆడిస్తూ బయటికొచ్చే నల్లటి మడ్డిని గుడ్డతో తుడవాలి. 1953లో అమెరికాలో తయారైన ఆ ద్రవం తడిని తరిమి, తుప్పును అడ్డుకోవడానికి పుట్టింది. కందెనగా ఎక్కువకాలం నిలవదు. అందుకే సిలిండర్ పూర్తిగా ఆరాక గ్రాఫైట్ పొడి వేయాలి. తడి మీద వేస్తే మళ్లీ ముద్దే. లాచ్‌కు మాత్రం లిథియం గ్రీజు పూయాలి.

ఇంట్లో చేతికందే కొబ్బరినూనె ఇక్కడ పనికిరాదు: దుమ్మును పట్టడమే కాక, సుమారు 24 డిగ్రీల దిగువన, అంటే వరంగల్ చలికాలపు రాత్రుల్లో, పేరుకుపోతుంది. మూత అసలే తెరుచుకోకపోతే, వెనక సీటు మడిచే వీలున్న కార్లలో లోపలి నుంచి లాచ్‌ను అందుకోవచ్చు.