భారత సైనిక పింఛన్లు: వ్యయం, నిధుల ఏర్పాటు

సైనిక దళాల్లో పనిచేసి విశ్రాంతి పొందినవారికి, వారి మరణానంతరం కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం చెల్లించే పింఛన్లు, గ్రాట్యుటీ, వైకల్య పింఛన్లు అన్నీ కలిపి బడ్జెట్‌లో ‘రక్షణ పింఛన్లు’ అనే పద్దు కిందికి వస్తాయి. రక్షణ శాఖలో పనిచేసి దిగిపోయిన సివిల్ ఉద్యోగుల పింఛన్లు కూడా ఇందులోనే ఉంటాయి. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించిన రూ. 6,81,210 కోట్లలో ఈ పద్దు వాటా రూ. 1,60,795 కోట్లు. ఆయుధాలు, విమానాలు, నౌకల కొనుగోలుకు ఉద్దేశించిన మూలధన పద్దు అదే ఏడాది రూ. 1,80,000 కోట్లు. పింఛన్లు పెరిగితే ఆయుధాలకు డబ్బు మిగలదన్న వాదన ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల పుట్టిందే.

భారం ఎక్కడ పుడుతుంది

సివిల్ ఉద్యోగి 60 ఏళ్లకు దిగిపోతాడు. పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరిన కుర్రాడు పదోన్నతి రాకపోతే 35-40 ఏళ్ల మధ్యనే ఇంటికి వచ్చేస్తాడు. సరిహద్దుల్లో కుర్రవాళ్లే ఉండాలన్నది సైన్యం అవసరం. అతను ఎనభై ఏళ్లు బతికితే ఉద్యోగం చేసిన కాలానికి రెట్టింపు కాలం పింఛను అందుకుంటాడు. ఆ తరవాత భార్యకు కుటుంబ పింఛను. పశ్చిమ గోదావరి జిల్లాలో తరతరాలుగా జవాన్లను పంపుతూ ‘మిలిటరీ మాధవరం’గా పేరుపడిన ఊరి లాంటిచోట ఒకే ఇంట్లో తండ్రి, కొడుకు ఇద్దరూ మాజీ సైనికులే కావడం వింతేమీ కాదు.

పింఛను రావాలంటే జవానుకు కనీసం 15 ఏళ్లు, అధికారికి 20 ఏళ్లు సర్వీసు ఉండాలి. చివరి జీతంలో సగం పింఛనుగా వస్తుంది. కరవు ఉపశమనం ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. వేతన సంఘం వచ్చిన ప్రతిసారీ పాత పింఛన్లను కూడా సవరిస్తారు. ఇవన్నీ ఒకేసారి మీద పడితే ఏమవుతుందో 2016-17 చూపించింది. అంతకు ముందు ఏడాది సుమారు రూ. 60 వేల కోట్లున్న పద్దు, ఏడో వేతన సంఘం సిఫార్సులు, ‘ఒకే ర్యాంకు - ఒకే పింఛను’ బకాయిలు కలిసి దాదాపు రూ. 88 వేల కోట్లకు చేరింది.

నిధి లేని పింఛను

ఈ చెల్లింపుల కోసం విడిగా కూడబెట్టిన నిధి ఏదీ లేదు. జవాను జీతంలోంచి పింఛను కోసం ఏమీ కోయరు, ప్రభుత్వమూ ముందుగా ఏమీ పక్కన పెట్టదు. ఏ ఏటి పింఛన్లు ఆ ఏడు భారత సంఘటిత నిధి నుంచి, అంటే ఆ ఏటి పన్నులు, అప్పుల నుంచి పోతాయి. 2004 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు జాతీయ పింఛను పథకం వచ్చినా సైనిక దళాలను దాని నుంచి మినహాయించారు.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఒక జవానును చేర్చుకున్న రోజే యాభై అరవై ఏళ్ల బాధ్యత నెత్తిన పడుతుంది. కానీ ఆ ఏటి బడ్జెట్‌లో కనిపించేది జీతం మాత్రమే. కమ్యుటేషన్‌తో లెక్క ఇంకా తికమక అవుతుంది. సైనికులు పింఛనులో సగం వరకు ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. నలభై ఏళ్ల దగ్గర దిగిపోయిన జవాను నెలకు రూ. 10,000 వదులుకుంటే, ఏడాది మొత్తానికి తొమ్మిది రెట్ల లెక్కన సుమారు రూ. 10.8 లక్షలు చేతికొస్తాయి. 15 ఏళ్లు నిండాక పూర్తి పింఛను తిరిగి మొదలవుతుంది. ఎక్కువమంది దిగిపోయిన ఏడాది పద్దు ఉబ్బడానికి, తరవాత కొంత తగ్గినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

అమెరికా వేరే దారి పట్టింది. అక్కడ 1984 అక్టోబరు 1 నుంచి సైనిక విశ్రాంతి నిధి పనిచేస్తోంది. ప్రస్తుతం పనిచేస్తున్నవారి భావి పింఛను కోసం బీమా గణాంకుల బోర్డు తేల్చిన శాతాన్ని రక్షణ శాఖ ప్రతి నెలా ఆ నిధికి కడుతుంది. అంతకు ముందు పేరుకున్న పాత బాధ్యతను ఖజానా శాఖ ఏటా కొంత తీరుస్తుంది. నిధి సొమ్మంతా మళ్లీ ప్రభుత్వ బాండ్లలోనే ఉంటుంది కాబట్టి ఇది ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చడమేనన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా కొత్తగా మనిషిని చేర్చుకుంటే అసలు ఖర్చెంతో ఆ రోజే సైన్యానికి తెలుస్తుంది. ఈ ఒక్క మేలు చాలు, ఆ పద్ధతి మనం చదవదగినదని చెప్పడానికి.

ఒకే ర్యాంకు - ఒకే పింఛను

ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో దిగిపోయినవారికి ఏ సంవత్సరంలో దిగినా ఒకే పింఛను ఉండాలన్నది మాజీ సైనికుల దీర్ఘకాల డిమాండు. 2015 నవంబరు 7న ఉత్తర్వు వెలువడింది, 2014 జులై 1 నుంచి అమలు. 2013లో దిగినవారి కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటును ప్రమాణంగా తీసుకున్నారు. అంతకన్నా ఎక్కువ వస్తున్నవారికి తగ్గించలేదు. సవరణ అయిదేళ్లకోసారి అన్నారు. ఏటా కావాలన్నది ఉద్యమకారుల మాట. అమలులో తలెత్తిన చిక్కులు పరిశీలించడానికి వేసిన ఏకసభ్య కమిటీకి తెలుగువారైన పట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి నేతృత్వం వహించి 2016 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. ప్రభుత్వ విధానాన్ని సుప్రీంకోర్టు 2022 మార్చి 16న సమర్థించింది, అయితే 2019 జులై సవరణ పూర్తిచేయమని ఆదేశించింది. ఆ సవరణ బకాయిలు రూ. 23,638 కోట్లు, లబ్ధిదారులు 25 లక్షల పైచిలుకు. అంత మొత్తం ఒక్కసారి ఇవ్వలేమని ప్రభుత్వం చెప్పగా, కోర్టు 2023 మార్చిలో కుటుంబ పింఛనుదారులను, శౌర్య పతక గ్రహీతలను, 70 ఏళ్లు దాటినవారిని ముందు పెట్టి 2024 ఫిబ్రవరి వరకు వాయిదాలు ఖరారు చేసింది.

చెల్లింపు యంత్రాంగం

పింఛను మంజూరు నుంచి చెల్లింపు వరకు అన్నీ ఒకేచోట జరగాలని రక్షణ శాఖ ‘స్పర్శ్’ అనే వేదికను తెచ్చింది. అంతకు ముందు బ్యాంకులు, రక్షణ పింఛను కార్యాలయాలు విడివిడిగా లెక్కలు కట్టి చెల్లించేవి. ఇప్పుడు 30 లక్షలమందికి పైగా దీని కిందికి వచ్చారు. పాత రికార్డులు మార్చేటప్పుడు తంటాలు తప్పలేదు. 2022 ఏప్రిల్‌లో వార్షిక ధ్రువీకరణ అయిందో లేదో బ్యాంకులు తేల్చలేకపోవడంతో 58 వేల పైచిలుకు మందికి పింఛను ఆగింది. మే మొదటి వారంలో జమచేశారు. ఇలాంటి సంస్కరణతో దారి తప్పిన చెల్లింపులు తగ్గుతాయి గానీ అసలు భారం తగ్గదు.

తగ్గించే ప్రయత్నాలు

దిగిపోతున్న జవాన్లను కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లోకి తీసుకుంటే పింఛను వాయిదా పడుతుంది, శిక్షణ ఖర్చూ మిగులుతుంది. ఆరో వేతన సంఘం ఈ మాట చెప్పింది. ఉన్నవాటిలో ఇదే మంచి ఆలోచన, అయినా పట్టాలెక్కలేదు. ముందుగా దిగిపోయే అధికారులకు సర్వీసును బట్టి పింఛను కోయాలన్న 2020 నాటి ప్రతిపాదన వ్యతిరేకతతో ఆగిపోయింది. జీతాలు, పింఛన్ల భారం తగ్గించే మార్గాలు వెతకాలని 15వ ఆర్థిక సంఘం రక్షణ శాఖకు సూచించింది.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ సైనిక నియామక పథకంలో నాలుగేళ్లకే నాలుగింట మూడొంతుల మంది, అంటే 75 శాతం, ఇంటికి వెళ్తారు. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. జీతంలో 30 శాతం కోసి, అంతే మొత్తం ప్రభుత్వం కలిపి ‘సేవానిధి’లో వేస్తుంది. మొదటి ఏడాది రూ. 30,000, నాలుగో ఏడాది రూ. 40,000 జీతం లెక్కన జవాను వాటా రూ. 5.02 లక్షలు అవుతుంది. ప్రభుత్వ వాటా, వడ్డీతో కలిసి రూ. 11.71 లక్షలు. ప్రకటన వెలువడిన మూడు రోజులకు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో నిరసన హింసగా మారి పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రెండేళ్లుగా నియామక ర్యాలీలు ఆగి ఎదురుచూస్తున్న కుర్రాళ్ల కోపం అది.

అగ్నిపథ్ వల్ల నేటి పింఛను పద్దు తగ్గుతోందనడం సరికాదు. పాత పద్ధతిలో 2022-23లో చేరాల్సిన జవాన్లు 15 ఏళ్లు నిండి పింఛనుకు వచ్చేది 2037-38లో. ఈ పథకం మిగిల్చేది ఏదైనా ఉంటే అప్పటి నుంచే లెక్కకు వస్తుంది.