జొన్న కూటి నుంచి జన్యు కత్తెర దాకా

కర్నూలు, కడప మెట్ట నేలల్లో తరతరాలుగా కడుపు నింపిన పంట జొన్న. దక్కన్‌లో ఒట్టి జొన్న కూటితోనే బతికిన పేదలను పెల్లగ్రా అనే జబ్బు పీడించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టుకునేవి, మతి చెడేది.

ఈ జబ్బుకు మందు కనుక్కునే దారి చూపింది కుక్క. దానికి వచ్చే ‘నల్లనాలుక’ నికోటినిక్ ఆమ్లం అనే బి విటమిన్‌తో తగ్గుతుందని 1937లో అమెరికాలో ఎల్వెజెమ్ బృందం చూపింది. పెల్లగ్రాకు మందు అలా దొరికింది. మరి జొన్న తినేవాళ్లకు ఇది ఎందుకొస్తోంది? 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలిన పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం ఈ ప్రశ్న పట్టుకుంది. 1960లలో కుక్కలకు జొన్న తిండి పెట్టి, వాటికీ నల్లనాలుక వచ్చేలా చేసింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానం పడింది. దానిపై తర్వాత వాదాలు నడిచాయి. జొన్నకు తోడు పప్పు, పాలు అందితే మాత్రం ఆ భయం లేదు.

మనిషి జబ్బును జంతువుల్లో పరిశీలించే దారిలో, దాన్ని తిండితో తెప్పించడం మొదటి మెట్టు. రెండోది ప్రకృతి ఇచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన ఆ పరిశోధనశాల ఎలుకల మందలో 1990లలో సహజంగా వచ్చిన జన్యు మార్పు వల్ల ఊబకాయం ఏర్పడిన ఎలుకలు బయటపడ్డాయి. వాటి సంతతి ఊబకాయం, మధుమేహ పరిశోధనలకు ఆధారమైంది.

మూడో మెట్టులో, అలాంటి మార్పు కోసం ఎదురుచూసే పని లేకపోయింది. కోరిన జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలు 1989లో వచ్చాయి. ఆ విద్యకు 2007లో కాపెకీ, ఎవాన్స్, స్మిథీస్‌లకు నోబెల్ దక్కింది. కానీ ఒక్కో ఎలుకకు ఏడాదికి పైగా పట్టేది. 2012లో డౌడ్నా, షార్పాంటియే బృందాలు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో డీఎన్‌ఏను కోరిన చోట కోయవచ్చని చూపాయి. దారి చూపే ఆర్‌ఎన్‌ఏను, కోసే కాస్9ను ఎలుక పిండకణంలోకి ఎక్కిస్తారు. తెగిన చోటును కణం అతుక్కునేటప్పుడు జన్యువు మారుతుంది. ఆ పిండాన్ని అద్దె తల్లి ఎలుక గర్భంలో పెంచుతారు. 2013లో యానిష్ బృందం ఒకే దఫాలో పలు జన్యువులు మారిన ఎలుకలను పుట్టించింది. ఏడాదికి పైగా పట్టే పని వారాల్లోకి వచ్చింది.

అయినా ఎలుకలో తేలినదంతా మనిషికి వర్తించదు. ఏ జన్యువును మార్చాలో చెప్పేది రోగి బాధే. గోపాలన్ బృందానికి పరిశోధించాల్సిన ప్రశ్న జొన్న కూడు తినే పేదల నుంచి వచ్చింది. కర్నూలు, కడపల్లో వైద్యం, జీవశాస్త్రం చదివే పిల్లలు సాధనం కంటే ముందు తమ ఊరి జబ్బుల మీద చూపు పెట్టాలి.