హెచ్ఈసీ వెనుక వందేళ్లు

మెదక్ జిల్లా నిజాంపేటలో పదో తరగతి గట్టెక్కిన పిల్ల ఇంటర్‌లో హెచ్ఈసీ తీసుకుందంటే చుట్టాలు పెదవి విరుస్తారు. హిస్టరీ, ఎకనమిక్స్, సివిక్స్ ఎంపీసీ దొరకనివాళ్ల చదువని వాళ్ల లెక్క. మన తొలి విశ్వవిద్యాలయాలు మాత్రం చరిత్ర, రాజనీతి పొత్తును పెద్దపీట మీదే కూర్చోబెట్టాయి.

నిజాం 1917లో ఫర్మానా ఇచ్చిన ఉస్మానియాలో చరిత్ర, రాజనీతి ఒకే శాఖ. దాని అధిపతి హారూన్ ఖాన్ షేర్వానీ ముస్లిం రాజనీతి చింతన మీద రాశారు, దక్కన్ బహమనీల చరిత్రా రాశారు. బోధన ఉర్దూలో. మెదక్ సుబా నుంచి వెళ్లిన తెలుగు కుర్రాడు రాజ్యం గురించి ఉర్దూలో చదివి, ఆ రాజ్యం కింద తెలుగులో బతకాలి. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఎందరినో బయటికి పంపితే, చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేశారు. రాజనీతిలో అసలు పాఠం వాళ్లకు అక్కడే దక్కిందనుకుంటాను.

వాల్తేరులో మామిడిపూడి వెంకటరంగయ్య ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి రెండూ బోధించారు. ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాటంపై నాలుగు సంపుటాలకు సంపాదకులూ ఆయనే. 

స్వాతంత్ర్యం తర్వాత శాఖలు విడిపోయాయి. చరిత్రవాళ్లు శాసనాలు, దస్తావేజుల వైపు, రాజనీతివాళ్లు ఓట్లు, పార్టీల వైపు వెళ్లారు. లోతు పెరిగింది, నిజమే. కానీ చరిత్ర సిలబస్ చాలాకాలం 1947 దగ్గరే ఆగిపోయేది. డిగ్రీలో హెచ్ఈపీ పేరుతో రెండూ ఒకే గ్రూపులో ఉన్నా, చెప్పేవాళ్లు వేరు, పరీక్షలు వేరు.

తెలంగాణ వచ్చాక రెంటినీ మళ్లీ కలిపింది విశ్వవిద్యాలయం కాదు, గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష. నాలుగో పేపరు తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం: 1948–70, 1971–90, 1991–2014 అని మూడు భాగాలు, 150 మార్కులు. ఊరి పిల్లలు 1969 నాటి తెలంగాణ ఉద్యమాన్ని ఇంత శ్రద్ధగా చదవడం మంచిదే. నా పేచీ జవాబును నాలుగు ఆప్షన్లకు కుదించడంతోనే.

ఆ ఆప్షన్లకు అందని ప్రశ్నకు మెదక్‌నే చూడండి. 1971లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థిని లోక్‌సభకు పంపింది. కొద్ది నెలలకే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. 1980లో అదే మెదక్ ప్రత్యేక రాష్ట్రానికి ఒప్పుకోని ఇందిరాగాంధీని గెలిపించింది. రాయబరేలీ వదులుకొని ఆమె మెదక్‌నే ఉంచుకున్నారు. ఈ తొమ్మిదేళ్లలో ఓటరు మనసు ఎలా మారిందో తేల్చాలంటే ఓట్ల లెక్కలూ కావాలి, 1969 నాటి ఊళ్ల జ్ఞాపకాలూ కావాలి.