పద్మనగర్ నుంచి జగిత్యాల దాకా: మా ఇంటి డీజిల్ లెక్క

పద్మనగర్‌లో ఇల్లు, పూణె పక్కన హింజెవాడిలో ఉద్యోగం. రెండింటికీ మధ్య దాదాపు 140 కిలోమీటర్లు. సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరడం, శుక్రవారం రాత్రికి ఇల్లు చేరడం. 2012 నుంచి మా వారం ఇలాగే నడుస్తోంది. ఆ ఏడు కొన్న డీజిల్ డిజైర్‌కు 2027లో 15 ఏళ్లు నిండుతాయి. దానికే పరీక్షలు చేయించి రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవాలా, కొత్తది తేవాలా, తెస్తే మళ్లీ డీజిలేనా అని ఇంట్లో చర్చ మొదలైంది. "అందరూ వదిలేస్తున్న డీజిల్ మనకెందుకు?" అని పిల్లలు అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే బండి కంటే ముందు దారి సంగతి చెప్పాలి.

భివండి దగ్గర మొదలై కల్యాణ్, ముర్బాడ్, మాల్షేజ్ ఘాట్, అహ్మద్‌నగర్, పర్భణి, నాందేడ్, భైంసా, నిర్మల్ మీదుగా జగిత్యాల చేరే జాతీయ రహదారి ఒకటుంది. ఇప్పుడు దాని నంబరు 61. ముందు 222 అనేవారు, అప్పుడది కల్యాణ్ నుంచి నిర్మల్ దాకానే. మా తాత ఊరు జగిత్యాల పక్కనే. వలస వచ్చిన ఊరి నుంచి వదిలి వచ్చిన ఊరికి ఒకే నంబరు మీద రోడ్డు ఉండే భాగ్యం ఎందరికి ఉంటుంది చెప్పండి! షోలాపూర్ మగ్గాలకు, బొంబాయి మిల్లులకు, భివండి మరమగ్గాలకు తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాల తరబడి వచ్చారు. మా తాత వచ్చింది 1960ల్లో, వేరేవాళ్ల కార్ఖానాలో కూలికి. ఊరివైపు సాంచలు అనేవాటిని ఇక్కడ లూములు అంటారు. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక పని ఇటు మళ్లింది. ఆ ఊపులోనే మా ఇంటికి సొంతంగా నాలుగు లూములు వచ్చాయి.

లూములు వచ్చాయి గానీ బండి రాలేదు. తాకాలు మోసే టెంపో సేటుది. ఊరికి పోవాలంటే బస్సు. ఏడెనిమిది వందల కిలోమీటర్ల దారి, మధ్యలో ఘాట్, వానాకాలంలో మాల్షేజ్‌లో విరిగిపడే కొండచరియలు. 1996లో తాత ఊళ్లో పోయినప్పుడు ఎస్టీడీ బూతుకు కబురు వచ్చింది రాత్రి తొమ్మిదికి. బాపు దొరికిన బస్సు ఎక్కి, నాందేడ్‌లో మారి, నిర్మల్‌లో మారి ఊరు చేరేసరికి మర్నాడు చీకటి పడింది. అంతకు ముందే దహనం అయిపోయింది. తలకొరివి చిన్నబాపు పెట్టాడు. బాపు దాని గురించి ఎక్కువ మాట్లాడడు. కానీ ఆ తర్వాత ఇంట్లో బండి అన్న మాట వస్తే ఒకటే షరతు పెట్టేవాడు: రాత్రి కబురొస్తే తెల్లారి పది పదకొండింటికి ఊళ్లో ఉండాలి.

ఆ షరతుకూ డీజిల్‌కూ సంబంధం ఏమిటంటే, మాలాంటి ఇళ్లకు అంత దూరం పోయే బండిని భరించే దారి డీజిల్ ఒక్కటే. డీజిల్ చవకగా ఉంచింది కార్లవాళ్ల కోసం కాదు. లారీ, బస్సు, రైలు, పొలంలో పంపు, ట్రాక్టరు దాని మీద నడుస్తాయి కనక, డీజిల్ పెరిగితే బియ్యం నుంచి నూలు దాకా అన్నీ పెరుగుతాయని ప్రభుత్వాలు దాన్ని పట్టి ఉంచాయి. పెట్రోలు మాత్రం కార్లున్నవాళ్ల విలాసం అన్నట్టు పన్ను వేశాయి. ఆ సందులోంచి కార్లు మెల్లగా దూరాయి. 1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు 1489 సీసీ డీజిల్ ఇంజను పెట్టింది. నలభై గుర్రాల బలం కూడా లేదు, పొగ, చప్పుడు, వణుకు. అయినా టాక్సీవాళ్లు ఎగబడ్డారు. 1994లో టాటా సుమో వచ్చింది. మా ఇంటి పెళ్లిళ్లకు పదిమందిమి కలిసి కిరాయికి తీసుకుని ఊరికి పోయింది అందులోనే. డీజిల్ పైసలు తలా ఇంత.

అసలు మలుపు ఇండికా. 1998 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించి, ఆ ఏడాది చివర్లో అమ్మకం మొదలుపెట్టారు. 1405 సీసీ డీజిల్, అయిదుగురికి చోటు, తయారీ పూణెలోనే. మొదటి బండ్లలో లోపాలు చాలానే బయటపడ్డాయి, 2001లో వీ2 అని సరిచేసి తెచ్చారు. బాపు 2004లో కొన్నది అలాంటి వీ2నే, రెండో చేతి బండి. దానికి ముందు ఒక మిత్రుడి పెట్రోలు బండి తక్కువ ధరకు వస్తోంది. బాపు దాన్ని కాదన్నాడు. "బండి ధర ఒక్కసారి ఇస్తం బిడ్డా, కిలోమీటరు ధర ఎప్పుడూ ఇస్తూనే ఉంటం" అన్నాడు. మీటరు గుడ్డకు ఇన్ని పైసలు అని జాబ్‌వర్కు చేసినవాడి లెక్క అది. మేం పదో తరగతి దాకా రాయచూరులో అమ్మమ్మ ఇంట్లో కన్నడ మీడియంలో చదివాం. కన్నడంలో కూడా లెక్క అంటే లెక్కే, మగ్గం అంటే మగ్గే. అందుకే కావచ్చు, బాపు మాట మాకు ఏ తర్జుమా లేకుండా ఎక్కింది.

2012కు వద్దాం. ఉద్యోగం హింజెవాడిలో వచ్చింది, పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. పూణెకు ఇల్లు మార్చమని అందరూ అన్నారు. మార్చలేదు. లూములు నడుస్తున్నాయన్నది ఒక కారణం. రెండోది, మాకు తెలుగు చదవడం వచ్చిందే పద్మనగర్‌లో. కన్నడ అక్షరాలు తెలిసినవాళ్లకు దుకాణం బోర్డులూ పెళ్లిపత్రికలూ మార్కండేయ గుడి దగ్గరి కరపత్రాలూ కూడబలుక్కుంటే నెలల్లో తెలుగు వచ్చేస్తుంది. ఆ పేటను వదిలిపెట్టి పోతే మా పిల్లలకు ఆ బోర్డులు కూడా ఉండవు. కాబట్టి ఇల్లు కదలదు, మనిషే కదలాలి. ముంబై–పూణె ఎక్స్‌ప్రెస్‌వే 2002లో పూర్తయింది కనకే ఆ మాట అనగలిగాం. కళంబోలి దగ్గర ఎక్కితే 95 కిలోమీటర్ల లోపు అవతలి చివర, అక్కడి నుంచి హింజెవాడి ఎంతో దూరం కాదు. కష్టమంతా ఎక్కేలోపే: కల్యాణ్ వంతెన, శిల్‌ఫాటా, కంటైనర్ లారీలు.

అప్పటి లెక్క రాసుకున్న కాగితం ఇంకా ఉంది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 దగ్గరే ఉంది. మా వైపు రెండూ ఇంకొంచెం ఎక్కువ కనక పెట్రోలు 75, డీజిల్ 45 అని వేసుకున్నాం. పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయలు. డీజిల్ 20 ఇస్తే 2 రూపాయల పావలా. మిగిలేది 2.75. రెండు బండ్ల ధరల్లో తేడా దాదాపు లక్ష. అంటే 36 వేల కిలోమీటర్లకు ఆ లక్ష తిరిగి వస్తుంది. వారానికి 280, ఏడాదికి రెండుసార్లు ఊరు, మొత్తం 16 వేల పైన. రెండేళ్ల మూడు నెలలకు తేడా తీరిపోతుంది. కంపెనీ చెప్పిన మైలేజీ 23.4. మేం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, పరీక్ష గదిలో వచ్చిన ఫలితాన్ని రోడ్డు మీద నమ్మకపోవడం మా వృత్తిధర్మం.

ఆ బండి ఆకారం కూడా పన్ను గీసినదే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారు అని ఎక్సైజు తగ్గించారు. అందుకని 2012 డిజైర్‌ను 3995 మిల్లీమీటర్లకు కోశారు. పాతదానికి 440 లీటర్లున్న డిక్కీ 316కు వచ్చింది. ఇంజను ఫియట్ వారి 1248 సీసీ మల్టీజెట్. ఎన్ని కంపెనీల కార్లలో పెట్టారంటే దానికి జాతీయ ఇంజను అని ముద్దుపేరు పడింది. రెండు వేల చుట్ల లోపు మొద్దు నిద్ర, శిల్‌ఫాటా జామ్‌లో క్లచ్ తొక్కి తొక్కి కాలు పోతుంది. రెండు వేలు దాటిందా, ఖండాలా ఘాట్ ఎక్కుతూ అయిదుగురున్నా గేరు మార్చనక్కర్లేదు. హైవే మనుషులకోసం పుట్టిన ఇంజను.

కొన్న మరుసటి ఏడే సందు మూసుకోవడం మొదలైంది. 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకోవచ్చని చమురు కంపెనీలకు అనుమతి ఇచ్చారు. 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. 2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చింది, మారుతి డీజిల్ కార్లే మానేసింది. అదే ఏడు జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును దాటింది. బాపుకు పేపరు చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చదివాడు.

2025లో లెక్క ఇలా ఉండేది. మా వైపు పెట్రోలు 103 రూపాయల పైన, డీజిల్ 90. పెట్రోలు బండి 16 ఇచ్చినా కిలోమీటరుకు ఆరున్నర, డీజిల్‌ది నాలుగున్నర. మిగిలేది రెండు రూపాయల లోపే. మేం చూసిన బండ్లలో తేడా లక్షన్నర. 76 వేల కిలోమీటర్లు తిరిగితే గానీ తీరదు, అంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. సీఎన్‌జీ అయితే కిలోమీటరుకు మూడు, మూడున్నర. పైగా ఎక్స్‌ప్రెస్‌వే టోలు ఒకవైపు 320. కిలోమీటరుకు పంచితే అది కూడా మూడు రూపాయల పైనే, ఏ ఇంధనమైనా తగ్గదు.

ఒక్క పూణె కోసమే అయితే డీజిల్ అక్కర్లేదు, ఇది ఒప్పుకోవాలి. వారానికి ఒక రాకపోక సీఎన్‌జీ బండి చేస్తుంది, కరెంటు బండీ చేస్తుంది. డీజిల్‌కు ఇంకా ఒక ఇబ్బంది వచ్చింది. బీఎస్ 6 బండ్ల పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. నెమ్మదిగా, కొద్దికొద్ది దూరాలు తిరిగితే అది పూడుకుపోతుంది. రోడ్డు మీద కాసేపు నిలకడగా పరిగెత్తితేనే లోపలి మసి కాలి శుభ్రమవుతుంది. భివండి సందుల్లో నూలు మార్కెట్‌కూ ఇంటికీ తిరిగేవాళ్లు ఇవాళ డీజిల్ కొనడం దండగ. మాకు వారానికి రెండుసార్లు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కనక ఆ బెంగ లేదు.

మిగిలింది 61వ నంబరు రోడ్డు. ఊళ్లో అవ్వ 2019లో పోయింది. రాత్రి పదింటికి ఫోన్ వస్తే పన్నెండింటికి బయల్దేరాం. టోకావడేలో ట్యాంకు నింపుకుని మాల్షేజ్ ఎక్కితే, మళ్లీ పంపు దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఊళ్లో ఉన్నాం. బాపు పెట్టుకున్న గడువు రెండు గంటలు దాటింది గానీ, కొరివి ఆయన చేతులతోనే పెట్టాడు. సీఎన్‌జీ అయితే మాల్షేజ్ అవతల పంపు వెతుక్కోవాలి, లేదా పెట్రోలు మీద నడుపుకోవాలి, డిక్కీ సగం సిలిండరుకే పోతుంది. కరెంటు బండి అయితే అర్ధరాత్రి ఎక్కడో ఒకచోట చార్జింగు దగ్గర కూర్చోవాలి.

"ఇంకెవరున్నారు అక్కడ, ఎవరికోసం?" అన్నారు ఇంట్లో చిన్నవాళ్లు. బాపు అక్క ఉంది, మా మేనత్త. 84 ఏళ్లు. ఆ మాట విని బాపు టీవీ చప్పుడు పెంచాడు.

2025 సెప్టెంబరు నుంచి చిన్న డీజిల్ కార్ల జీఎస్టీ కూడా చిన్న పెట్రోలు కార్లతో సమానంగా 18 శాతమైంది. నాలుగు మీటర్ల లోపు, ఒకటిన్నర లీటరు డీజిల్‌తో నెక్సాన్, సోనెట్, వెన్యూ, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ ఉన్నాయి. వీటిలో రెండింటిని సంక్రాంతి తర్వాత నడిపి చూస్తాం. ఊరి నుంచి వచ్చేటప్పుడు రెండు బియ్యం సంచులు, ఒక పెద్ద సూట్‌కేసు, అత్త కట్టి ఇచ్చే సకినాల డబ్బా డిక్కీలో పట్టాలి. కాగితం మీది లీటర్లు చూసి నమ్మే పని లేదు, షోరూముకు సూట్‌కేసు పట్టుకునే పోతాం.